కాలం ఆగుతుందా, పరుగెడుతుందా: ఫస్ట్ పర్సన్ పార్టీ డంజియన్ గేముల్లో మీకు నప్పేది ఏది?

కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో "డంజియన్ క్రాలర్" (చిక్కుదారుల్లో తిరుగుతూ రాక్షసులతో పోరాడే గేములు) అనే ట్యాగ్ నొక్కితే వచ్చే జాబితాని చూసి గేమ్ కొనేయకండి. ఆ జాబితాలో లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్ ఉంటుంది, ఎట్రియన్ ఒడిస్సీ ఉంటుంది, విజార్డ్రీ కూడా ఉంటుంది. మూడింట్లోనూ పైకి కనిపించేది దాదాపు ఒకటే. ఎదురుగా గోడలు, ముందుకు సాగే దారి, తెర అంచున మన మనుషుల ముఖాలు. కానీ వాటిలో ఒకదాన్ని ప్రాణంగా ఆడినవాళ్ళు ఇంకోదాన్ని అరగంటలో మూసేయడం చాలా మామూలు. తర్వాత "ఈ రకం గేములు నాకు పడవు" అని తేల్చేస్తారు. పడనిది ఈ రకం మొత్తం కాదు, అందులో ఒక శాఖ మాత్రమే.

వీటిని ఎప్పుడు వచ్చాయన్నదాన్ని బట్టి, గ్రాఫిక్స్‌ని బట్టి, అమెరికావా జపాన్‌వా అన్నదాన్ని బట్టి విడదీయడం అలవాటైపోయింది. చరిత్ర రాసేవాళ్ళకి అది సరిపోతుంది. డబ్బు పెట్టి కొనేవాళ్ళకి మాత్రం మొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: మీరు చేతులు కట్టుకుని కూర్చుంటే గేమ్‌లో కాలం ఆగుతుందా, సాగుతూనే ఉంటుందా? నా అనుభవంలో దీనికి వచ్చే జవాబుతోనే సగం ఎంపిక అయిపోతుంది. నడక చదరంగంలోలా గడి గడిగానా స్వేచ్ఛగానా, మ్యాప్ ఎవరు గీస్తారు, మనిషి చస్తే ఏమవుతుంది అన్నవి మిగతా సగం తేలుస్తాయి.

ఏవి ఈ కోవలోకి వస్తాయి, ఏవి రావు

ఇక్కడ నేను మాట్లాడేది పార్టీ గేముల గురించి. నలుగురో, ఐదుగురో, ఆరుగురో ఒకే గడిలో నిలబడి ఒకే శరీరంలా కదులుతారు. మనం వాళ్ళ కళ్ళతో చూస్తాం. ముద్దగా కదులుతారు కాబట్టి ఇంగ్లీష్ గేమర్లు వీటిని బ్లాబర్లు అంటారు. పార్టీ లేకపోతే ఈ కోవ కాదు. అందుకే 1992లో వచ్చిన అల్టిమా అండర్‌వరల్డ్ ఎంత గొప్పదైనా ఇక్కడ దాని ఊసు ఎత్తను. అందులో ఉన్నది ఒక్కడే. స్కైరిమ్ కూడా అంతే. డార్కెస్ట్ డంజియన్‌లో నలుగురు ఉంటారు గానీ వాళ్ళని పక్కనుంచి చూస్తాం.

గీత మీద నిలబడేవి కూడా కొన్ని ఉన్నాయి. 1988 నాటి పూల్ ఆఫ్ రేడియన్స్‌లో ఊళ్ళో తిరిగేటప్పుడు ఫస్ట్ పర్సన్, యుద్ధం మొదలవగానే చదరంగంలా పైనుంచి చూసే మైదానం. 1993 నాటి బిట్రేయల్ ఎట్ క్రాండర్ కూడా దాదాపు ఇంతే. 2014లో వచ్చిన లార్డ్స్ ఆఫ్ జులిమాలో దీనికి తలకిందులుగా ఉంటుంది: తిరగడం పైనుంచి, కొట్లాట ఫస్ట్ పర్సన్‌లో. మీకు ఎత్తుగడల యుద్ధం ఇష్టమై, గోడల మధ్య తిరగడం కొంచెం విసుగైతే ఈ గీత మీది గేములే మీకు నప్పవచ్చు. వాటిని అచ్చమైన డంజియన్ గేమ్ అనుకుని కొంటే మాత్రం నిరాశ తప్పదు.

కాలం ఆగే గేములు

ఈ వంశానికి మూలం 1981లో యాపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చిన విజార్డ్రీ. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ చేసిన గేమ్, సర్-టెక్ వాళ్ళు అమ్మారు. అందులో విలన్ పేరు వెర్డ్నా, అతని మీదకి మనల్ని పంపే రాజు పేరు ట్రెబర్. ఆండ్రూ, రాబర్ట్ పేర్లని ఇంగ్లీష్‌లో తిరగేసి రాస్తే వచ్చేవే అవి. పది అంతస్తులు, ఒక్కో అంతస్తు 20 గళ్ళు పొడవు, 20 గళ్ళు వెడల్పు. ఆరుగురి పార్టీ. ముందు వరుసలో ఉన్న ముగ్గురే కత్తితో కొట్టగలరు, వెనక ముగ్గురు మంత్రాలతో నెట్టుకురావాలి.

యుద్ధం వచ్చిందంటే ఆరుగురికీ వరుసగా ఆజ్ఞలు ఇస్తాం. ఇచ్చేవరకు ఎవరూ కదలరు. పది నిమిషాలు ఆలోచించినా, మధ్యలో లేచి కాఫీ పెట్టుకొచ్చినా ఏమీ కాదు. ఇంత తీరిక ఇస్తున్నారు కదా అని సులువనుకుంటే పొరపాటే. ఈ శాఖలో కష్టమంతా ఒక్కో యుద్ధంలో ఉండదు, మొత్తం యాత్రలో ఉంటుంది. మంత్రాలకి లెక్క ఉంటుంది, వాడినవి ఊళ్ళో సత్రంలో పడుకుంటే గానీ తిరిగిరావు. కాబట్టి ప్రతి తలుపు దగ్గరా ఒకటే లెక్క: ఇంకొంచెం లోపలికి పోతే తిరిగొచ్చేంత బలం మిగులుతుందా? పద్మవ్యూహంలోకి దూరడం తెలిసి బయటికి రావడం తెలియని అభిమన్యుడి పరిస్థితి ఈ గేముల్లో రోజూ ఎదురవుతుంది. వైద్యుడి దగ్గర రెండు మంత్రాలు మిగిలి ఉన్నప్పుడే వెనక్కి తిరిగేవాడు ఈ శాఖలో మంచి ఆటగాడు.

చావు విషయంలో కూడా విజార్డ్రీ కఠినం. చచ్చినవాణ్ణి గుడికి తీసుకెళ్ళి డబ్బు కట్టి బతికించవచ్చు. అది విఫలమైతే బూడిదవుతాడు. బూడిద నుంచి లేపే ప్రయత్నం కూడా విఫలమైతే ఇక ఆ మనిషి లేడు. పార్టీ అంతా లోపల చస్తే శవాలు అక్కడే ఉంటాయి, ఇంకో పార్టీని తయారుచేసి పంపి తెచ్చుకోవాలి. మన పిల్లల పేర్లో స్నేహితుల పేర్లో పెట్టుకుని పెంచుకున్న మనుషులు ఇలా పోతే బాధ నిజంగానే తగులుతుంది. ఆ భయం వల్లే నాలుగో అంతస్తు మెట్లు దిగడం కూడా ఒక పెద్ద సంగతిలా అనిపిస్తుంది. ఏ సినిమా గ్రాఫిక్స్ తేలేని ఉత్కంఠ అది.

దీన్ని ఇప్పుడు ఆడాలంటే డిజిటల్ ఎక్లిప్స్ వాళ్ళు 2024లో పూర్తిచేసి విడుదల చేసిన రీమేక్ ఉంది. పైన కొత్త బొమ్మలు, లోపల పాత యాపిల్ 2 ప్రోగ్రామే నడుస్తుంటుంది. కావాలంటే ఆ పాత తెరని మూలన ఒక చిన్న కిటికీలో చూస్తూ ఆడవచ్చు. కఠినమైన పాత నియమాల్లో కొన్నింటిని సడలించుకునే వీలు కూడా ఇచ్చారు. దాని సంగీతానికి 2025లో గ్రామీ వచ్చింది. మూలాన్ని చూడాలనుకుంటే ఇదే దారి, పాత కంప్యూటర్‌ని అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రాములతో తంటాలు పడనక్కర్లేదు. కానీ మొదటి గేమ్‌గా దీన్ని నేను చెప్పను. దీన్ని ప్రేమించాలంటే ముందు ఈ రకం గేముల్లో ఏముందో రుచి తెలిసి ఉండాలి.

1985లో వచ్చిన బార్డ్స్ టేల్, 1986లో మొదలైన మైట్ అండ్ మ్యాజిక్ ఇదే శాఖలో పెరిగాయి. మైట్ అండ్ మ్యాజిక్ భాగాలైన క్లౌడ్స్ ఆఫ్ జీన్ (1992), డార్క్‌సైడ్ ఆఫ్ జీన్ (1993) ఈ శాఖలో అందరికన్నా దయగలవి. రెండూ ఒకే ప్రపంచానికి రెండు ముఖాలు. రెండూ కలిపి ఇన్‌స్టాల్ చేస్తే రెంటి మధ్యా తిరగవచ్చు, విడిగా ఉన్నప్పుడు దొరకని కథ కూడా తెరుచుకుంటుంది. రంగులు పండగలా ఉంటాయి, శత్రువులు దూరం నుంచే కనబడతారు, అడుగడుగునా ఏదో ఒక బహుమతి దొరుకుతూ ఉంటుంది. గాగ్ (GOG) అనే ఆన్‌లైన్ దుకాణంలో మైట్ అండ్ మ్యాజిక్ మొదటి ఆరు గేములు కట్టగా దొరుకుతాయి, గ్రాఫిక్స్ కార్డు లేని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తాయి.

జపాన్ దాచుకున్న శాఖ

విజార్డ్రీ 1980లలో జపాన్‌కి వెళ్ళి అక్కడ వేళ్ళూనింది. 1987లో నింటెండో వాళ్ళ ఫామికామ్ గేమ్ కన్సోల్ మీదకి వచ్చింది. అమెరికాలో సర్-టెక్ మూతపడ్డాక కూడా జపాన్‌లో కొత్త విజార్డ్రీలు వస్తూనే ఉన్నాయి. గళ్ళలో నడుస్తూ వంతులవారీగా కొట్టుకునే గేముల్ని అక్కడ పాతకాలం సరుకుగా చూడలేదు. అందుకే ఈ శాఖలో ఈరోజు ఆడదగ్గవి ఎక్కువగా అక్కడివే.

వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎట్రియన్ ఒడిస్సీ. 2007లో నింటెండో డీఎస్ అనే చేతి గేమ్ కన్సోల్ మీద అట్లస్ వాళ్ళు తెచ్చారు. డీఎస్‌కి రెండు తెరలు. పైతెరలో అడవి, కిందితెరలో గళ్ళ కాగితం, చేతిలో పెన్ను. మ్యాప్‌ని మనమే గీయాలి. ఎక్కడ గోడ, ఎక్కడ తలుపు, ఎక్కడ దాటలేని ముళ్ళపొద అన్నది గీస్తూ, గుర్తులు పెడుతూ పోతాం. వినడానికి చాకిరీలా ఉంటుంది. పది నిమిషాలు గీశాక, ఒక మూల ఖాళీగా మిగిలిపోయి, "ఇక్కడ ఏదో గది ఉండాలే" అని గోడలు వెతికి నిజంగానే ఒక రహస్య దారి దొరికినప్పుడు గానీ ఆ ఆనందం తెలియదు.

కాలం విషయంలో ఇది ఒక తెలివైన మధ్యమార్గం. మనం అడుగేస్తేనే కాలం ఒక అడుగు వేస్తుంది. ఎఫ్‌ఓఈలని పెద్ద మృగాలు ఉంటాయి, మ్యాప్ మీదే కనబడతాయి. మనం ఒక గడి కదిలితే అవీ ఒక గడి కదులుతాయి. వాటి దారి గమనించి, సందు చూసుకుని తప్పించుకుపోవాలి. ఇంకో యుద్ధంలో ఇరుక్కుని ఉండగా కూడా అవి ఒక్కో వంతుకి ఒక్కో అడుగు దగ్గరికి వస్తాయి, వచ్చి యుద్ధంలో కలుస్తాయి. టెన్షన్ ఉంటుంది, కానీ వేళ్ళ వేగంతో పని లేదు. ఆలోచన ఇష్టపడేవాళ్ళకి, తొందర పడనివాళ్ళకి ఇంతకన్నా మంచి అమరిక నేను చూడలేదు.

2023లో మొదటి మూడు భాగాల్ని హెచ్‌డీగా మార్చి నింటెండో స్విచ్ కన్సోల్‌తో పాటు స్టీమ్‌లో కూడా తెచ్చారు. కాబట్టి చేతి గేమ్ కన్సోల్ లేకపోయినా పీసీ చాలు. పిక్నిక్ అనే తేలిక స్థాయి కూడా చేర్చారు. మూడూ కొనక్కర్లేదు, విడివిడిగానూ దొరుకుతాయి. ఒక్కటే కొనేటట్టయితే మూడోది తీసుకోండి. సముద్రయానం, రెండో వృత్తి నేర్చుకునే వీలు అన్నీ కలిసి అదే నిండుగా ఉంటుంది. కథల మధ్య గట్టి లంకె లేదు కాబట్టి వరుస తప్పినా నష్టం లేదు.

కథ కావాలనేవాళ్ళు లాబిరింత్ ఆఫ్ రెఫ్రెయిన్ వైపు చూస్తారు. బొమ్మల సైన్యాన్ని దళాలుగా కట్టి బావిలాంటి చిక్కుదారిలోకి దింపే గేమ్. దళాల అమరికలో లోతు చాలా ఉంది. రెండు సంగతులు తెలుసుకుని కొనండి: సంభాషణలు బారెడు, ఇంగ్లీష్ చదవడం బరువనిపిస్తే అలసిపోతారు. పైగా బొమ్మలు ముద్దుగా ఉన్నా కథలో క్రూరమైన, పెద్దలకి మాత్రమే తగిన విషయాలు ఉన్నాయి. పిల్లలున్న ఇంట్లో అట్ట చూసి కొనిచ్చే గేమ్ కాదు.

కాలం ఆగని గేములు

1987లో అటారీ ఎస్టీ కంప్యూటర్ మీద ఎఫ్‌టీఎల్ వాళ్ళ డంజియన్ మాస్టర్ వచ్చాక ఈ వంశం రెండుగా చీలింది. గళ్ళు అలాగే ఉన్నాయి, తొంభై డిగ్రీల మలుపులూ అలాగే ఉన్నాయి. కానీ మనం నిలబడిపోయినా రాక్షసుడు నిలబడడు. చీకట్లో కాగడా కాలిపోతూ ఉంటుంది, ఆకలి దప్పికలు పెరుగుతూ ఉంటాయి. శిలావీథిలా ఉన్న ఒక మందిరంలో 24 మంది వీరుల పటాలు ఉంటే వాటిలోంచి నలుగురిని ఎంచుకుంటాం. మంత్రాలకి అక్షరాల్లాంటి గుర్తులున్నాయి. వాటిని సరైన వరుసలో నొక్కితేనే మంత్రం పలుకుతుంది. మీద మమ్మీ పడుతుంటే కంగారులో గుర్తులు తప్పు నొక్కడం, నిప్పు బంతి రాకపోవడం ఆ గేమ్‌లో భాగమే. తలుపు కింద రాక్షసుణ్ణి నిలబెట్టి తలుపు దించి చంపవచ్చు. యుద్ధానికి వేరే తెర లేదు, నడిచే చోటే కొట్లాట కూడా. అందుకే గోడ, గొయ్యి, తలుపు అన్నీ ఆయుధాలవుతాయి.

ఈ శాఖలో అసలు బలం పజిళ్ళు. నేలమీద నొక్కుడు పలకలు, గోడలో కలిసిపోయిన మీటలు, అడుగేస్తే తెరుచుకునే గోతులు. విజార్డ్రీ శాఖలో తెలివంతా పార్టీని కట్టడంలో ఉంటే, ఇక్కడ తెలివంతా పరిసరాల్ని చదవడంలో ఉంది. ఈ తేడాని చాలా సలహాల్లో చెప్పరు. పాత్రల అంకెలు, వృత్తుల కూర్పులు గంటలు గంటలు మార్చుకుంటూ కూర్చోవడం మీకు సరదా అయితే ఈ రెండో శాఖ పలుచగా అనిపిస్తుంది. అంకెలంటే విసుగై, తాళం ఎలా తెరవాలా అని బుర్ర గోక్కోవడం ఇష్టమైతే మొదటి శాఖలో ఊపిరాడదు.

డంజియన్ మాస్టర్ దారిలోనే వెస్ట్‌వుడ్ వాళ్ళు 1991లో ఐ ఆఫ్ ద బిహోల్డర్ మొదటి రెండు భాగాలు, 1993లో లాండ్స్ ఆఫ్ లోర్ చేశారు. బిహోల్డర్ మొదటి భాగంలో ఆటలోపల మ్యాప్ లేదు, గ్రాఫ్ షీట్ దగ్గర పెట్టుకోవాల్సిందే. లాండ్స్ ఆఫ్ లోర్‌లో మ్యాప్ దానంతట అదే గీసుకుంటుంది, బొమ్మలు ఇప్పటికీ అందంగా ఉంటాయి. పాతవాటిలో ఒకటి చూడాలంటే దాన్నే ఎంచుకోమంటాను.

ఈరోజు ఈ శాఖకి తలుపు మాత్రం లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్. 2012లో ఫిన్లాండ్‌లో ఆల్మోస్ట్ హ్యూమన్ అనే చిన్న బృందం చేసింది. నలుగురు ఖైదీల్ని కొండ శిఖరం మీదనుంచి లోపలికి తోసేస్తారు, కిందకి దిగుతూ దారి వెతుక్కోవాలి. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. మ్యాప్ వద్దనుకుంటే ఆపేసి కాగితం మీద గీసుకునే పద్ధతి కూడా పెట్టారు. 2014 నాటి రెండో భాగం ఒక దీవి మొత్తం ఆరుబయట పరుచుకుంటుంది, పజిళ్ళు మరింత మొండివి. మొదటిది ఇరుకుగా, పద్ధతిగా సాగుతుంది కాబట్టి కొత్తవాళ్ళకి అదే మంచిది.

ఒక లోపం దాచకుండా చెప్పాలి. కాలం ఆగని, గళ్ళలో నడిచే గేములన్నిటికీ ఒకే కిటుకు ఉంది. రాక్షసుడు మనవైపు తిరిగేలోపు పక్క గడిలోకి జారి, ఒక దెబ్బ వేసి, మళ్ళీ జారాలి. నాలుగు గళ్ళ ఖాళీ ఉంటే చాలు, ఎంత పెద్ద జంతువునైనా చుట్టూ తిరిగి చంపేయవచ్చు. దీన్ని గేమర్లు స్క్వేర్ డ్యాన్స్ అంటారు. కొందరికి అది లయలో పడితే మహా సరదా. ఇంకొందరికి రెండో గంటకే మోసంలా అనిపిస్తుంది. మంచి గేములు ఇరుకు దారులతో, రెండువైపుల నుంచి వచ్చే శత్రువులతో దీన్ని అడ్డుకుంటాయి గానీ పూర్తిగా పోగొట్టలేవు. వేళ్ళు చురుగ్గా లేకపోయినా, చేతి నొప్పులున్నా ఈ శాఖ మీకు వద్దు.

గళ్ళు వదిలేసినవి

1998లో మైట్ అండ్ మ్యాజిక్ ఆరో భాగం గళ్ళని పూర్తిగా వదిలేసింది. నలుగురు మైదానాల్లో స్వేచ్ఛగా పరుగెడతారు, తర్వాత గాల్లో కూడా ఎగురుతారు. కాలం సంగతి మన చేతికే ఇచ్చారు: మామూలుగా అన్నీ పరుగెడుతుంటాయి, ఎంటర్ నొక్కితే ఆగి వంతులవారీ అవుతుంది. గుంపు చిన్నదైతే పరుగులోనే తేల్చేసి, పెద్ద మంద మీదపడితే ఎంటర్ నొక్కి ఆలోచించుకోవడం. ఇంత తేలికైన ఉపాయాన్ని తర్వాత ఎక్కువమంది ఎందుకు వాడుకోలేదా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆరో భాగంలో ఒక్కో గుహలో శత్రువులు పుట్టలు పుట్టలుగా ఉంటారు, ఓపిక కావాలి. 1999 నాటి ఏడో భాగం ఇంకాస్త కుదురుగా ఉంటుంది. ఈ జంటలో ముందు ఏడోదే ఆడమని నా సలహా.

2001లో వచ్చిన విజార్డ్రీ 8లో కూడా నడక స్వేచ్ఛే, యుద్ధం మాత్రం వంతులవారీ. ఆరుగురిని మనం తయారుచేసుకోవచ్చు, ఇద్దరిని దారిలో కలుపుకోవచ్చు. ఎవరు ముందు, ఎవరు పక్కన, ఎవరు నడుమ అన్నది నిజంగా తేడా చేస్తుంది, ఎందుకంటే శత్రువులు చుట్టుముడతారు. మన మనుషులకి గొంతులు, స్వభావాలు కూడా ఉన్నాయి. పార్టీ కట్టడంలో ఇంత లోతున్న గేమ్ ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. దాని బరువు కూడా అంతే. ఒక్కో యుద్ధం అరగంట పట్టవచ్చు. మన లెవెల్ పెరిగితే దారిలో శత్రువులూ బలపడతారు. సెలవుల్లో మొదలుపెట్టండి, పరీక్షల నెలలో కాదు.

స్వేచ్ఛా నడక గేముల్లో ఒక శారీరకమైన సంగతి కూడా ఉంది. ఫస్ట్ పర్సన్‌లో తల అటూ ఇటూ తిరుగుతుంటే కొందరికి కడుపులో తిప్పుతుంది. అలాంటివాళ్ళకి గళ్ళ నడక చాలావరకు ఊరట, ఎందుకంటే కదలిక ఒక్కో అడుగుగా, ముందే ఊహించేలా ఉంటుంది. షూటింగ్ గేములు పడక ఫస్ట్ పర్సన్ అంటేనే భయపడేవాళ్ళు కూడా ఎట్రియన్‌ని నిశ్చింతగా ప్రయత్నించవచ్చు.

ఎవరికి ఏది

ఈ రకం ఒక్కటి కూడా ఆడనివాళ్ళకి నా మొదటి సలహా ఆపరెన్సియా: ద స్టోలెన్ సన్. బుడాపెస్ట్‌లోని జెన్ స్టూడియోస్ 2019లో చేసింది. హంగేరీ జానపద కథల ప్రపంచం. నడక గళ్ళలో, యుద్ధం వంతులవారీ, పజిళ్ళు డంజియన్ మాస్టర్ తరహా. రెండు శాఖల రుచీ ఒకే పళ్ళెంలో దొరుకుతుంది. ఒక వీరుణ్ణి మాత్రమే మనం తయారుచేస్తాం, మిగతావాళ్ళు కథలో వచ్చి కలుస్తారు. కాబట్టి మొదటి గంటలోనే ఆరుగురి అంకెలతో కుస్తీ పట్టే బాధ లేదు. అది ఆడుతుండగా మీ మనసు యుద్ధాల కోసం ఎదురుచూస్తోందా, పజిళ్ళ కోసం ఎదురుచూస్తోందా గమనించండి. యుద్ధాలైతే తర్వాత ఎట్రియన్ మూడు. పజిళ్ళైతే గ్రిమ్‌రాక్.

రోజూ రాత్రి అరగంట మాత్రమే దొరికేవాళ్ళకి కాలం ఆగే శాఖే మేలు. ఒక యాత్ర, ఊరికి తిరుగు, నిద్ర. పని ఆ రోజుకి అక్కడితో ముగుస్తుంది. గ్రిమ్‌రాక్‌లో ఒక పజిల్ మధ్యలో ఆపి నాలుగు రోజుల తర్వాత వస్తే ఏ మీట ఎక్కడ నొక్కామో గుర్తుండదు. విజార్డ్రీ 8 అరగంటలో ఒక యుద్ధం కూడా అవ్వకపోవచ్చు.

ఇద్దరు కలిసి ఆడాలంటే, అంటే ఒకరు కీబోర్డు దగ్గర, ఇంకొకరు పక్కన కూర్చుని బుర్ర పెట్టేలా, గ్రిమ్‌రాక్ మహా బాగుంటుంది. గోడమీది పద్యంలాంటి సూచనని ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకుని వాదించుకోవడంలోనే సగం సరదా. పిల్లలకి ఇంగ్లీష్ చదవడం, జామెట్రీ గళ్ళు రెండూ కొంచెం వస్తే ఎట్రియన్ పిక్నిక్ స్థాయిలో మ్యాప్ గీయడం వాళ్ళకి అప్పగించవచ్చు.

పాత గేముల వాతావరణమే కావాలి, కష్టం మాత్రం వద్దు అంటే జీన్ జంట. ఒక్క గేమ్‌తో నెలలు గడపాలంటే విజార్డ్రీ 8. చావు భయం కావాలి, మనిషి పోతే నిజంగా పోవాలి అంటే విజార్డ్రీ రీమేక్‌ని పాత నియమాలతో ఆడండి.

ఫోన్ తప్ప వేరే సాధనం లేనివాళ్ళు 2024లో వచ్చిన విజార్డ్రీ వేరియంట్స్ డాఫ్నీ పేరు వినే ఉంటారు. ఆరుగురి పార్టీ, వంతులవారీ యుద్ధం, గోడల మధ్య ఫస్ట్ పర్సన్ నడక, అన్నీ ఉన్నాయి. వాతావరణం నిజంగా విజార్డ్రీదే. డౌన్‌లోడ్ ఉచితం. కానీ కొత్త సాహసికులు లాటరీ పద్ధతిలో వస్తారు, ఆ లాటరీకి డబ్బు కట్టించుకునేలా గేమ్ కట్టారు. యూపీఐ ఒక్క నొక్కు దూరంలో ఉన్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. నెలకి ఇంత అని ముందే గీత గీసుకోగలిగితే ఆడండి, లేకపోతే అదే డబ్బుతో స్టీమ్ సేల్‌లో గ్రిమ్‌రాక్ కొనుక్కోవడం నయం.

కొనేముందు రెండు నిమిషాల పరీక్ష

పేరు తెలియని కొత్త గేమ్ కనబడితే ట్రైలర్ చూడకండి, ఎవరైనా మౌనంగా ఆడిన వీడియో ఒకటి చూడండి. ఆటగాడు ఆగినప్పుడు శత్రువు ఆగాడా చూడండి. మలుపు తొంభై డిగ్రీలకి ఠక్కున తిరిగిందా, జారుతూ తిరిగిందా చూడండి. మూలన మ్యాప్ ఉందా, అది దానంతట అదే నిండుతోందా చూడండి. యుద్ధం ముగిశాక గాయాలు వాటంతట అవే మానిపోతున్నాయా, అలాగే ఉండిపోతున్నాయా అన్నది చివరిది. మానిపోతుంటే ప్రతి యుద్ధం దానికదే ఒక లెక్క. ఉండిపోతుంటే అది యాత్రల గేమ్, అంటే విజార్డ్రీ రక్తం.

కొన్నాక కూడా దారి ఉంది. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఈ గేముల్లో ఆ రెండు గంటల్ని పార్టీ తయారీకే ఖర్చుపెట్టేవాళ్ళు చాలామంది. ఆరుగురి జుట్టు రంగు, పేర్లు, అంకెలు తేలేసరికి గంటన్నర గడిచిపోతుంది, లోపల నాలుగు అడుగులు వేసేలోపు గడువు దాటిపోతుంది. కాబట్టి మొదటిరోజు గేమ్ ఇచ్చే రెడీమేడ్ పార్టీతోనే దిగండి. రెడీమేడ్ లేకపోతే ముందు ఇద్దరు కత్తివీరులు, ఒక వైద్యుడు, ఒక మంత్రగాడు అని తోచినట్టు కట్టేసి తలుపు తెరవండి. మొదటి అంతస్తు ఒక గంట ఆడి, నచ్చిందని తేలాక కొత్త గేమ్ నొక్కి మీ మనుషుల్ని తీరిగ్గా తయారుచేసుకోండి.